మీ అటక మీద మా ఖాళీ డబ్బాలు

నమస్తే. ఇళ్లు సర్దిపెట్టే మా చిన్న సంస్థ నుంచి మీకు కబురు వచ్చి చాలా నెలలైంది. ఈసారి ఆఫర్లేమీ లేవు. పైగా ఇన్నాళ్లూ అమ్మినవాటిలో కొన్ని ఆపేస్తున్నాం, కొన్ని వెనక్కి తీసుకుంటున్నాం. ఇకమీదట మీరు అడిగితే తప్ప మీ ఇంటి పని ఒక్కరోజులో ముగించం కూడా. ఎందుకో చెప్పాలంటే ఒక అటక దగ్గర మొదలుపెట్టాలి.

రెండేళ్ల కిందట మేం సర్దిన ఇంటి నుంచి ఒక పెద్దావిడ ఫోన్ చేశారు. "మళ్లీ నిండిపోయిందమ్మా, ఒకసారి వచ్చి చూడు" అన్నారు. వెళ్తే నిజంగానే ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. స్టూలెక్కి అటక మీదకు చెయ్యి పెడితే వెదురు డబ్బాలు తగిలాయి. ఆరు. మా స్టిక్కర్ ఇంకా ఊడలేదు. మొదటిది తీస్తే మరీ తేలిగ్గా వచ్చింది, ఖాళీ. రెండోదీ ఖాళీయే. మూడోదాంట్లో మిగతా డబ్బాల మూతలు. నాలుగోదాంట్లో గుడ్డ సంచులు, ఒకదాంట్లో ఒకటి కుక్కి ఉన్నాయి. తీసి మంచం మీద పరిస్తే పద్నాలుగు లెక్కకొచ్చాయి. అన్నిటికంటే అడుగున ఉన్నది మేం మొదటిసారి వెళ్లినప్పుడు ఉచితంగా ఇచ్చిన సంచి. మడత కూడా విప్పలేదు.

ఆవిడ నన్నేమీ అనలేదు. "బాగున్నాయి కదా అని పారేయలేదు. దేంట్లో ఏం పెట్టాలో తోచలేదు" అన్నారు, అంతే. కానీ గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు అయింది నా పని. ఆ ఇంటి చిందరవందరలో మా వాటా ఆరు డబ్బాలు, ఒక సంచి.

అప్పటినుంచి రెండోసారి పిలిచిన ఏ ఇంటికి వెళ్లినా ముందు మా సామానే వెతుకుతున్నాను. చాలాచోట్ల దొరుకుతోంది. మంచం కింద, బీరువా పైన, స్నానాల గది తలుపు వెనక.

పొరపాటు ఎక్కడుందో కనిపెట్టడం కష్టం కాలేదు, ఒప్పుకోవడమే కష్టమైంది. మేం వచ్చిన రోజే అరలు కొలిచేవాళ్లం, ఆ రోజే డబ్బాలు అమ్మేవాళ్లం. ఏ వస్తువులు ఉండాలో తేలకముందే వాటికి చోటు కొనిపించాం. ఖాళీ డబ్బా ఊరుకోదు, ఏదో ఒకటి అడుగుతుంది. "ఎప్పుడైనా పనికొస్తుందిలే" అనుకున్నవన్నీ దాంట్లోకి చేరతాయి. మూత పడ్డాక కంటికి కనపడవు కాబట్టి ఇల్లు సర్దుకున్నట్టే ఉంటుంది. ఇంకో సంగతి కూడా చెప్పేస్తాను. సర్దే పనిలో మాకు మిగిలేది తక్కువ, డబ్బాల మీద ఎక్కువ. అందుకే ఈ లోపం ఇన్నాళ్లూ మా కంట పడలేదేమో.

ఇక నుంచి మొదటిసారి వచ్చినప్పుడు ఏమీ అమ్మం. ఇల్లంతా తిరిగి చూసి, ఏ వస్తువు ఏ చోట వాడుతున్నారో రాసుకుని వెళ్తాం. తర్వాత మూడు వారాలు మీ ఇంట్లో ఉన్న అట్టపెట్టెలు, చెప్పుల డబ్బాలు, గాజు సీసాలతోనే నడపండి. అందంగా ఉండదు, తెలుసు. మూడు వారాలయ్యాక మళ్లీ వస్తే ఏ అరలో ఏది నిలిచిందో, ఏ పెట్టె దుమ్ము పట్టిందో దానికదే తెలిసిపోతుంది. అప్పటికీ డబ్బా కావాల్సిన చోటుంటే ఇస్తాం. అది కూడా ముందు వాడినదే ఇస్తాం. మీలో ఎవరి దగ్గరైనా మా డబ్బాలు ఖాళీగా పడి ఉంటే మేమే తిరిగి కొంటున్నాం. పాతబడ్డ కొద్దీ ధర తగ్గిస్తాం కానీ తీసుకోవడం మానం.

ఇప్పుడు ఆ గుడ్డ సంచుల సంగతి. పర్యావరణానికి మంచిదనే పంచాం, అందులో అబద్ధం లేదు. అయితే ఇంగ్లండ్ ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ 2011లో వేసిన లెక్క ఒకటుంది. దుకాణంలో ఇచ్చే పల్చటి ప్లాస్టిక్ కవరు ఒక్కసారి వాడి పారేస్తే వాతావరణం మీద పడే భారంతో పోలిస్తే, నూలు సంచి దానికంటే మేలనిపించుకోవాలంటే 131 సార్లు వాడాలి. పత్తి పండించడానికి, బట్ట తయారు చేయడానికి అంత భారం పడుతుంది మరి. ఆవిడ మంచం మీద పరిచిన పద్నాలుగింటికీ లెక్క కడితే 1,834 సార్లు. వారానికోసారి బయటికెళ్లినా 35 ఏళ్లు పడుతుంది. ఇది వాతావరణం లెక్క మాత్రమే. కవర్లు కాలవల్లో అడ్డం పడటం, సముద్రంలో చేరడం ఇందులో లేవు. కాబట్టి కవర్లే మేలని చెప్పడం లేదు. మీ దగ్గరున్న రెండు సంచుల్ని చిరిగేదాకా వాడండి. మేం మాత్రం ఉచిత సంచులు ఆపేశాం.

వెదురు కప్పులు, ప్లేట్ల గురించి చెప్పడానికి కొంచెం సిగ్గుగానే ఉంది. మీలో చాలామందికి "ప్లాస్టిక్ లేదు" అని చెప్పి అమ్మాం. మాకు సరఫరా చేసినవాళ్లు అలాగే చెప్పారు, మేం అడగలేదు. తీరా చూస్తే అది వెదురు పొడిని మెలమైన్ రెసిన్‌తో కలిపి అచ్చుపోసిన సరుకు. ఆ రెసిన్ ప్లాస్టికే. వేడివి పోస్తే అందులోంచి మెలమైన్, ఫార్మాల్డిహైడ్ అనే హాని చేసే రసాయనాలు బయటికి రావచ్చని, ఇలాంటి కప్పుల్లో వేడి పానీయాలు తాగొద్దని జర్మనీలో ఇలాంటి ముప్పుల్ని అంచనా వేసే ప్రభుత్వ సంస్థ బీఎఫ్ఆర్ 2020లో చెప్పింది. మీ దగ్గరున్నది ఏ రకమో ఇలా పోల్చుకోండి. నిజమైన వెదురులో నారలు, కణుపుల గీతలు కనిపిస్తాయి. పొడితో చేసింది అంతటా ఒకే నునుపు, రంగురంగుల్లో ఉంటుంది, అంచు గుండ్రంగా అచ్చులోంచి తీసినట్టుంటుంది. మా దగ్గర కొన్నవైతే తెచ్చి ఇచ్చేయండి, మొత్తం డబ్బు వాపసు. ఇప్పటికే పెన్నులు పెట్టుకోవడానికి వాడుతున్నవాళ్లు అలాగే వాడుకోండి. దాన్ని కంపోస్టులో వేసినా లాభం లేదు, రీసైక్లింగ్‌లోనూ తీసుకోరు.

'మట్టిలో కలిసిపోయే' చెత్త సంచులూ అంతే. ఒకటి పెరట్లో పూడ్చి ఎనిమిది నెలల తర్వాత తవ్వి తీశాను. మట్టి దులిపితే దాని మీద 'ప్రకృతికి మేలు' అన్న అక్షరాలు చక్కగా చదవొచ్చు. ఇలాంటి చాలా సంచులు విడిపోవాలంటే 58 డిగ్రీల దాకా వేడి నిలిచే పెద్ద కంపోస్టు ప్లాంట్లు కావాలి, ఇంటి పెరట్లో గుంతకి అంత వేడి రాదు. మీ చెత్త అలాంటి ప్లాంటుకే వెళ్తుందని తెలిస్తే వాడండి. లేకపోతే మామూలు సంచిని ఇంకాస్త నిండేదాకా ఆగి కట్టడం మేలు.

మా 'సహజ క్లీనర్' సీసా గుర్తుందా? వెనిగర్‌లో బేకింగ్ సోడా కలిపి అమ్మేవాళ్లం. ఒక కస్టమర్ గారి అమ్మాయి కాలేజీలో కెమిస్ట్రీ చదువుతోంది. లేబుల్ చదివి, "ఆంటీ, ఒకటి యాసిడ్, ఒకటి బేస్. రెండూ కలిస్తే బుసబుసా గ్యాస్ పోయి మిగిలేది సోడియం ఎసిటేట్ కలిసిన నీళ్లే కదా" అంది. వాళ్లమ్మ ఆ పిల్లని గదిలోకి పంపేయబోయారు. కానీ పిల్ల చెప్పింది నిజం. విడివిడిగా వాడితే రెండూ మంచివే. కుళాయిల మీద తెల్లగా పేరుకునే ఉప్పు గారకి వెనిగర్, రుద్ది కడగాల్సిన చోట సోడా. పాలరాయి మీద మాత్రం వెనిగర్ వద్దు, రాయిని తినేస్తుంది. బ్లీచింగ్ ద్రావణంలో వెనిగర్ గానీ అమ్మోనియా ఉన్నది గానీ ఎప్పుడూ కలపకండి. విషవాయువు వస్తుంది, స్నానాల గదిలాంటి ఇరుకు చోట అది మరీ ప్రమాదం. ఇప్పుడు సింకు కింద అర సర్దేటప్పుడు ముందు ఇదే చూస్తున్నాం. మిగతా సీసాలు ఎన్నున్నా మాకు టెన్షన్ లేదు గానీ బ్లీచింగ్ పక్కన వెనిగర్ గానీ అమ్మోనియా ఉన్నది గానీ ఉండకూడదు. మా క్లీనర్ అమ్మకం ఆగిపోయింది.

గాలి శుభ్రం చేస్తాయని అమ్మిన మొక్కల మాటా చెప్పాలి. నాసా 1989 నాటి ప్రయోగం గాలి చొరని చిన్న గదుల్లో జరిగింది. మామూలు ఇంట్లో, కాస్త కిటికీ తీస్తే వచ్చేపాటి గుణం మొక్కలతో రావాలంటే చదరపు మీటరుకి 10 నుంచి 1,000 మొక్కలు కావాలని 2019లో వచ్చిన ఒక సమీక్ష తేల్చింది. మొక్క నచ్చితే పెంచుకోండి. గాలి కోసమైతే కిటికీకి అడ్డంగా ఉన్న సామాను జరిపి రెక్క తెరవండి. చాలా ఇళ్లలో ఆ రెక్క తెరుచుకుని ఏళ్లయింది, అడ్డంగా ఉన్నది మా డబ్బా కూడా కావచ్చు.

అన్నిటికంటే నన్ను నిద్రపోనివ్వనిది వేరే ఉంది. మీ ఇంట్లోంచి తీసినవి ఎక్కడికి వెళ్తాయని మీరు అడిగినప్పుడల్లా "అవసరమైనవాళ్లకి చేరుస్తాం" అనేవాళ్లం. నిజంగానే తీసుకెళ్లాం. కానీ ఇస్తామన్నచోట సగానికి సగం వెనక్కి పంపించారు. చిరిగిన దుప్పట్లు, జత లేని చెప్పులు, ఒక చక్రం లేని బొమ్మలు వాళ్లకి మాత్రం ఎందుకు? వాటిని మా స్టోర్ రూమ్‌లో పెట్టాం, మళ్లీ చూద్దాంలే అని. అవును, అచ్చం మీరు అనుకున్నట్టే. నాలుగు నెలల తర్వాత గది తెరిస్తే ముక్కు పట్టుకోవాల్సి వచ్చింది. వాన నీరు దిగి అన్నీ బూజు పట్టాయి. అందులో మంచివీ పాడైపోయాయి. చివరికి అంతా చెత్త బండిలోకే వెళ్లింది. మీరు ఎంతో ఆలోచించి, మనసు రాయి చేసుకుని ఇచ్చినవి. క్షమించండి.

ఇప్పుడు పద్ధతి తిప్పేశాం. ఒక వస్తువు ఎవరికి వెళ్తుందో పేరు తేలాకే ఇంట్లోంచి కదులుతుంది. తేలనిది మీ దగ్గరే ఉంటుంది. ఇది విని ఒకరు "మరి మీరెందుకు?" అన్నారు, న్యాయమైన ప్రశ్నే. అయితే ఇలా చేస్తుంటే ఒక విచిత్రం గమనించాం. ఇవ్వడానికి మనిషిని వెతకడం ఎంత పనో ఒకసారి అనుభవమయ్యాక, కొనేటప్పుడు చెయ్యి కాస్త ఆగుతోంది. ఇంట్లోకి రావడం సులువు, బయటికి పోవడమే కష్టం. మేం ఇన్నాళ్లూ పోయేదాన్నే చూశాం, వచ్చేదాన్ని చూడలేదు.

పాత ఫోన్లు, ఛార్జర్లు, రిమోట్లు ఉండే సొరుగు ప్రతి ఇంట్లోనూ ఒకటుంటుంది. దాని కోసం విడిగా ఒక పెట్టె పెట్టమంటున్నాం. 2022లో ప్రపంచం మొత్తం మీద 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ చెత్త పోగైతే, పద్ధతి ప్రకారం సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్కకొచ్చింది 22.3 శాతమే. లిథియం బ్యాటరీ ఉన్నది మామూలు చెత్తలో అసలు వేయకండి, బండిలో నలిగితే నిప్పంటుకోవచ్చు. ఉబ్బినదైతే గుచ్చకండి, నొక్కకండి, అన్నిటికంటే ముందు దాన్నే ఎలక్ట్రానిక్ చెత్త సేకరించేవాళ్లకి పంపే ఏర్పాటు చేయండి.

'పర్యావరణం కోసం' పాత ప్లాస్టిక్ డబ్బాలన్నీ తీసేసి గాజువి కొందామని నన్ను అడిగేవాళ్లకి ఈమధ్య వద్దనే చెబుతున్నాను. ఉన్నవాటిలో పొడి సరుకులు పెట్టుకోండి, వేడివేడివి పెట్టకండి. పగిలినప్పుడు, పాడైనప్పుడు ఒక్కొక్కటే మార్చండి. మా అమ్మకాలకి ఇది మంచి మాట కాదని మా అకౌంట్లు చూసే అబ్బాయి రోజూ గుర్తు చేస్తున్నాడు.

మా 'ముందు, తర్వాత' ఫొటోలు కూడా తీసేశాం. వాటిలో కొన్నిటికి పక్క గదిలోకి సామాను నెట్టి ఫొటో తీశాం, అది మీకు తెలియదు. అదొక్కటే కారణం కాదు. ఖాళీ గోడ, ఒక కుర్చీ, ఒక మొక్క ఉన్న ఇల్లే మంచి ఇల్లన్నట్టు చూపించాం. బట్టలు కుట్టే మనిషి దగ్గర గుడ్డ పేలికల మూట చెత్త కాదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి రోజూ వాడేవన్నీ బల్ల మీదే ఉండటం చిందరవందర కాదు. చిన్నపిల్లలున్న ఇంట్లో నేల మీద బొమ్మలుంటాయి, రాత్రికి ఒక బుట్టలోకి చేరితే చాలు. ఒక ఇంట్లో నేను చక్కగా సర్దిన మందుల డబ్బా, అందని ఎత్తులో పెట్టినందుకు మర్నాడే కిందికి దిగిపోయింది. దింపినవాళ్లదే రైటు.

ఇకపోతే పని విషయం. రెండుసార్లు రావాలి కాబట్టి వారానికి తీసుకునే ఇళ్లు సగానికి తగ్గుతాయి. ఇప్పటికే తేదీ తీసుకున్నవాళ్లకి మేమే ఫోన్ చేస్తాం. పాత పద్ధతిలోనే ఒక్కరోజులో కావాలంటే ఆ మాట చెప్పండి, చేసిపెడతాం, కానీ డబ్బాలు మాత్రం అమ్మం. రెండు రాకలకీ కలిపి తీసుకునేది ఇదివరకటి కంటే కొంచెం ఎక్కువే, ముందే చెబుతున్నాను. డబ్బాల మీద పోయేదాన్ని ఎక్కడో ఒకచోట పూడ్చుకోవాలి. ఏడాది గడిచేసరికి నిలబడతామో లేదో ఇప్పుడే చెప్పలేను.

అటక పెద్దావిడ నాలుగు డబ్బాలు తిరిగిచ్చారు. రెండు ఉంచుకున్నారు, ఒకదాంట్లో దారాలు, ఒకదాంట్లో మనవడి రంగు పెన్సిళ్లు. ఆ నాలుగూ ఇప్పటికే వేరే ఇంటికి వెళ్లిపోయాయి. మీరూ ఇవ్వాలనుకుంటే స్టిక్కర్ పీకే శ్రమ పెట్టుకోకండి, గోటితో గీకితే వెదురు గీతలు పడుతుంది. హెయిర్ డ్రయ్యర్‌తో కాస్త వేడి చేస్తే ఊడొస్తుంది, ఆ పని మేం చూసుకుంటాం. మూతలు మాత్రం వెతికి పెట్టండి.