టన్ను వేరు, కిలోవాటు వేరు

సంపాదకుడు గారికి,

గత ఆదివారం జిల్లా పేజీలో ఏసీల వల్ల ట్రాన్స్‌ఫార్మర్లు కాలిపోతున్నాయని వార్త వేశారు. జనం లోడు దాచిపెట్టి ఏసీలు బిగించుకుంటున్నారని అధికారులు వాపోయారట. చదివి ఊరుకుందామనుకున్నాను. బుధవారం మా ఇంటికే నోటీసు వచ్చింది.

మా కనెక్షన్ 3 కిలోవాట్లు. ఇంట్లో టన్నున్నర ఏసీ ఒకటి, టన్ను ఏసీ ఒకటి. నోటీసులో వాటికి వేసిన లోడు అక్షరాలా 5.2, 3.5. దానికి గీజరు 2, ఫ్రిజ్, ఫ్యాన్లు, లైట్లు, టీవీ కలిపి ఇంకో కిలోవాటు. మొత్తం 11.7 కిలోవాట్లు! త్రీ ఫేజుకు మారాలట, డెవలప్‌మెంట్ చార్జీలు కట్టాలట, గడువు 15 రోజులట. ఇల్లా, ఐస్ ఫ్యాక్టరీయా?

ముప్పయ్యేళ్లు ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ చెప్పినవాణ్ణి. టన్ను అంటే ఏసీ గదిలోంచి బయటికి తోసే వేడి లెక్క. ఒక టన్నుకు 3.5 కిలోవాట్ల వేడి. ఆ పనికి అది తీసుకునే కరెంటు అందులో మూడో వంతుకు అటూ ఇటూ. మా పెద్ద ఏసీ బయటి యూనిట్ మీద స్టిక్కరే ఉంది, 1,550 వాట్లని. చిన్నదానికి 1,050. రెండూ కలిపి 2.6, మిగతావి ఒకటి, వెరసి 3.6. రోహిణి కార్తెలో ఏసీలు నడుస్తుండగా గీజరు వేసుకునే మనిషి ఎవరో నాకూ చూపించండి. ఒప్పుకున్న లోడు కన్నా 0.6 ఎక్కువే వాడుతున్నాను. 4 కిలోవాట్లకు మార్చండి, రేపే కడతాను.

అసలు ఈ కూడికలే అక్కర్లేదు. నెలలో గరిష్ఠంగా ఎంత వాడామో మీటరు తెర మీదే వస్తుంది. కాస్త తలెత్తి చూడాలి, అంతే. స్మార్ట్ మీటరున్న ఇళ్లకైతే ఏడాదిలో కనీసం మూడుసార్లు మించితేనే లోడు పెంచాలని 2023లో కేంద్రమే నియమం పెట్టింది.

ఇక మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ 100 కేవీఏ, అంటే మహా అయితే వంద కిలోవాట్లు మోసేది. ఇక్కడ పెంకుటిళ్లున్న రోజుల్లో పెట్టారు. ఇప్పుడు అపార్ట్‌మెంట్లు. అందరూ అన్నీ ఒకేసారి వాడరన్న లెక్క పగలు నిలుస్తుంది గానీ, మే నెల రాత్రి పదింటికి ఏ ఇంట్లో ఏసీ ఆగి ఉంటుంది? నలభై ఫ్లాట్లు, ఫ్లాటుకు రెండున్నర కిలోవాట్లు. ఐదో ఎక్కం వచ్చినవాడు కూడా చెబుతాడు ఏమవుతుందో. వోల్టేజి 180కి పడితే కంప్రెసర్ ఇంకా ఎక్కువ ఆంపియర్లు లాగుతుంది, ఫ్యూజు పోతుంది, తప్పు మాత్రం మాది. ఫ్లాటుకు 2 కిలోవాట్లు చాలని కాగితం మీద చూపించి వెళ్లిపోయిన బిల్డరుకు ఏ నోటీసూ లేదు. ఆరు ఆంపియర్ల ప్లగ్గులో ఏసీ వైరు దూర్చి పోయే కుర్రాళ్లను అడిగేవాళ్లూ లేరు. ఒకప్పుడు లైన్‌మన్ జేబులో టెస్టర్ ఉండేది, ఇప్పుడు అందరి చేతిలో ఫోనే.

స్టిక్కరు ఫోటో పట్టుకుని సెక్షన్ ఆఫీసుకు వెళ్లాను. ‘మా ఫారంలో టన్నుల గడి ఒక్కటే ఉందండీ, వాట్లు రాయడానికి లేదు’ అన్నారు. గడువులో తొమ్మిది రోజులు ఇంకా ఉన్నాయి. నా దగ్గర క్లాంప్ మీటరుంది, వైరు చుట్టూ తగిలిస్తే ఎంత కరెంటు పోతోందో చూపిస్తుంది. ఎవరైనా వచ్చి కొలిస్తే పక్కనే నిలబడతాను, టీ కూడా ఇప్పిస్తాను.

— ఒక విశ్రాంత ఐటీఐ బోధకుడు