అక్క కుర్చీ లాక్కుని కూర్చుంది

ఒరేయ్,

నీ మెసేజ్‌లు అన్నీ చూశాను, ఒక్కదానికీ జవాబు ఇవ్వలేదు, ఏమనుకోకురా. ఫోన్లో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు, తీరిగ్గా రాద్దామంటే తీరిక దొరకలేదు. ముందు మామూలు కబుర్లు అయిపోనీ: అమ్మ మోకాలు బాగుంది, మెట్లు ఎక్కుతోంది. నా ట్రాన్స్‌ఫర్ ఆగిపోయింది. ఈ ఏడు కొబ్బరికి రేటు బాగుంది. మిగతావి తర్వాత.

అక్క గురించి చెప్పాలి. ఆదివారం నుంచి ఎవరికి చెప్పాలా అని చూస్తున్నా, చెప్తే నీకే చెప్పాలి.

బావ సంగతి నీకు సగం తెలుసు. ఆన్‌లైన్ రమ్మీని మన రాష్ట్రంలో 2020లోనే నిషేధించారు కదా, లొకేషన్ వేరే చోట చూపించే యాప్ ఒకటి వేసుకుని ఆడేవాడట. తర్వాత క్రికెట్ బెట్టింగ్. 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ దేశమంతా ఆపించినప్పుడు, పీడ విరగడైందని అక్క గుడికెళ్లి కొబ్బరికాయ కొట్టి వచ్చింది. ఆ సంబరం ఎన్నాళ్లో లేదు. టెలిగ్రామ్‌లో ఎవడో పంపిన లింకుతో మళ్లీ మొదలు. బాత్‌రూమ్‌లో గంటలు గంటలు. అన్నం ముందు కూర్చుని కూడా ఫోన్ తిప్పి పెట్టుకోవడం. పాప ఫీజు డబ్బులు పోయాక గానీ మాకెవరికీ తెలియలేదు. అక్కకి తెలుసు, చెప్పుకోలేకపోయింది. చూడు, దొంగతనం తను చేసినట్టు తలుపులు వేసుకుని కూర్చుందిరా ఇన్నేళ్లూ.

సరే, ఆదివారం. బావ వాళ్లింట్లో పెద్దలందరూ కూర్చున్నారు. బావ 11 లక్షలు అప్పుందని ఒప్పుకున్నాడు. ఇంతకుముందు ఒకసారి వాళ్ల నాన్న తీర్చాడు, ఒకసారి మా నాన్న తీర్చాడు, ఈసారి ఎవరి దగ్గరా లేదు. బావ మేనమామ ఉన్నాడుగా, అదే, పెళ్లిలో మన ఇద్దర్నీ వంటశాల నుంచి తరిమినాయన, ఆయన తేల్చేశాడు, అక్కకి పసుపు కుంకుమ కింద ఇచ్చిన అరెకరం తోట అమ్మేసి కట్టేద్దాం, మళ్లీ ఆడనని వీడు ఒట్టేస్తాడు, అయిపోయింది, కాఫీలు తెమ్మనండి అని. అక్క వంటింటి గుమ్మంలో నిలబడి వింటోంది.

బావ ఏడుస్తూ పాపని దగ్గరికి లాక్కుని నెత్తిన చెయ్యి పెట్టబోయాడు. అక్క వచ్చింది. ఆ చెయ్యి మెల్లిగా తీసేసి, పాపని పక్కింటికి పంపేసి, ఒక కుర్చీ లాక్కుని మధ్యలో కూర్చుంది. అట్లతద్దినాడు మనం ఉయ్యాల తాడు కోసేసినప్పుడు ఒక చూపు చూసిందే, అదే చూపు. "తోట అమ్మను" అంది. ఒక్క మాట. అరవలేదు, ఏడవలేదు.

ఇల్లంతా ఒక్కసారి లేచింది. అత్తగారు "నువ్వు కనిపెట్టుకుని ఉంటే వాడిలా అయ్యేవాడా" అంది. మేనమామ "ధర్మరాజంతటి వాడే జూదమాడాడమ్మా" అన్నాడు. అక్క ఏమందో తెలుసా? "ఆడాడు బాబాయిగారూ, ఆ సభలో పెద్దలందరూ నోరు మూసుకుని కూర్చున్నారు కూడా." నాకు చప్పట్లు కొట్టాలనిపించింది, నాన్న పక్కనుండి మోచెయ్యి పట్టుకున్నాడు.

తర్వాత పుస్తకం తీసింది. అప్పుడు తెలిసింది మాకు, ఇది తనకి తనే వెళ్లి నేర్చుకున్న సంగతి. ఒక రాత్రి నిద్రపట్టక 14416కి ఫోన్ చేసిందట, టెలి మానస్ అని మనసు బాలేనివాళ్ల కోసం పెట్టిన ఫోన్ లైను, ప్రభుత్వానిదే, తెలుగులో మాట్లాడతారు, డబ్బులేం అక్కర్లేదు. ఆయనకి బాలేదని చేస్తే అవతలి అమ్మాయి ఆయన సంగతి విని, "మీరు తింటున్నారా, నిద్రపోతున్నారా" అని అడిగిందట. అక్కని ఆ మాట ఎవరూ అడగలేదురా. నేనూ, మా అమ్మా, ఎవ్వరూ. అది చెప్పినప్పుడు మాత్రం తన గొంతు కొంచెం...

సరే. అక్కడి నుంచి పెద్దాసుపత్రిలో సైకియాట్రీ ఓపీకి వెళ్లింది, ఒక్కతే, బావ రానన్నా. ఆయన రాకపోయినా మీతో పని మొదలుపెట్టొచ్చు అన్నారట డాక్టరుగారు. ఇది చెడు తిరుగుడు కాదు, జబ్బు, 2013లోనే అమెరికా మానసిక వైద్యులు దీన్ని మందు, డ్రగ్స్ అలవాట్లున్న వరసలో చేర్చారని చెప్పారట. పోగొట్టుకున్నది రాబట్టాలని మళ్లీ మళ్లీ ఆడటం దీని లక్షణాల్లో ఒకటట. బయటివాళ్లు ఒకేసారి అప్పంతా తీర్చేస్తే ఆడేవాడికి అది పెద్ద గెలుపు కింద లెక్క, మళ్లీ మొదలుపెట్టడానికి దారి దొరికినట్టే. మనవాళ్లు రెండుసార్లు చేసింది సరిగ్గా అదే కదా! అలాగని వదిలెయ్యమనీ కాదు. మనిషిని పట్టుకోండి, డబ్బు మాత్రం చేతికివ్వకండి అన్నారట.

పుస్తకంలో ఏం రాసుకుందంటే, ముందు బావ క్రెడిట్ రిపోర్ట్, అదే, బ్యాంకుల్లో, లోన్ కంపెనీల్లో ఎంత బాకీ ఉందో చూపించే కాగితం, అందరి ముందూ తీయాలంది. తీశారు. 11 కాదురా, 19 లక్షల చిల్లర. బయటి చేబదుళ్లు వేరే. నేను బావ మొహం చూడలేకపోయాను. ఈ జబ్బున్నవాళ్లు చాలామంది సగమే చెప్తారట, మిగతా సగం తీర్చడానికి మళ్లీ ఆడతారు. ఇకనుంచి జీతం అక్క చూసుకునే ఖాతాలోకి రావాలి, బావ ఫోన్లో యూపీఐ ఉండకూడదు, రోజు ఖర్చుకి చేతికి నోట్లు, రసీదులు సాయంత్రం. అప్పులిచ్చినవాళ్ల దగ్గరికి బావే వెళ్లి కంతులు మాట్లాడుకోవాలి, అక్క ఎక్కడా సంతకం పెట్టదు. జామీను ఉండకపోతే, కలిసి అప్పు తీసుకోకపోతే, ఆయన చేతి అప్పుకి పెళ్లాం పూచీ కాదని లాయర్‌ని కనుక్కుని మరీ వచ్చింది! వసూలు వాళ్ల ఫోన్లకి కూడా జవాబు సిద్ధం చేసుకుంది, ఉదయం ఎనిమిదికి ముందు, రాత్రి ఏడు దాటాక చెయ్యకూడదని రిజర్వ్ బ్యాంకు 2022లో చెప్పిందట, అది చెప్పి పెట్టేస్తోంది. లోన్ యాప్ వాడెవడో ఫొటోలు మార్చి చుట్టాలకి పంపుతానంటే సైబర్ మోసాల నంబర్ 1930కి కంప్లైంట్ ఇచ్చింది. నగలు మా అమ్మ లాకర్లో పెట్టేసింది ఎప్పుడో. ఇంత ఎప్పుడు నేర్చుకుందిరా, కరెంటు బిల్లు కట్టడానికి కూడా నన్ను పిలిచే మనిషి.

అప్పుడు బావ లేచి "అయితే నాకు చావే గతి" అన్నాడు. అత్తగారు ఏడుపు. మేనమామ "నాటకాలాపు" అని అరిచాడు. అక్క ఆయన వైపు తిరిగి, "అలా అనకండి, ఆ మాట అన్నవాళ్లని నమ్మాలి" అని, బావ పక్కన కూర్చుని అడిగేసింది, నిజంగానే అనిపిస్తోందా, ఏమైనా చేసుకోవాలని ఆలోచించావా అని. అందరి ముందూ అలా అడుగుతారా అనిపించింది నాకు. అడగాలట, అడిగితే కొత్తగా ఆలోచన పుట్టదట. బావ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అవునన్నాడు. గోదావరి బ్రిడ్జి మీద బండి ఆపాడట ఒక రాత్రి. మనకి ఈత నేర్పిన మనిషిరా.

ఆ రాత్రి వంతులేసుకుని కూర్చున్నాం. అక్కే 14416కి కలిపి ఫోన్ బావ చేతికిచ్చింది. సోమవారం ఓపీకి ఇద్దరూ వెళ్లారు, మందు రాశారు, వారం వారం రమ్మన్నారు. మానేశాడని అనను, అక్కా అనట్లేదు. మళ్లీ ఆడినా ఆ రోజే చెప్పమని మాత్రం అడిగింది.

అక్క ఇప్పుడు తనలాంటి ఇళ్లవాళ్లతో మాట్లాడాలంటోంది. 1957లో లాస్ ఏంజిల్స్‌లో జూదం మానాలనుకునేవాళ్లు గాంబ్లర్స్ అనానిమస్ అని మొదలుపెట్టారట, ఇళ్లవాళ్లకి విడిగా గామ్-అనాన్ ఉంది. ఆన్‌లైన్ మీటింగులు ఇంగ్లీషులో అయినా కూర్చుంటానంది. ఓపీ వరండాలో ఇంకో ఇద్దరు ఆడవాళ్లు కలిశారట, ఒకావిడ కొడుకు కోసం వచ్చింది, ముగ్గురూ నంబర్లు తీసుకున్నారు. వీళ్ల కోసం మన ఊళ్లో తెలుగులో వారానికొక చోటు ఎందుకుండకూడదురా? లైబ్రరీ గది అడగొచ్చు, నేను... సరే, అది ఇంకోసారి.

అసలు పని. బావ నీకు ఫోన్ చేస్తాడేమో, చేసే ఉంటాడేమో కూడా. డబ్బడిగితే పంపకు, పాపకి జ్వరమన్నా, అక్కకి చెప్పొద్దన్నా సరే. ఆసుపత్రి ఖర్చు నిజమైతే మేం ఆసుపత్రికే కడతాం. కానీ ఫోన్ ఎత్తు. విసుక్కోకు. క్రికెట్ మాత్రం ఎత్తకు, ఇంకేదైనా మాట్లాడు, మూడో నంబర్ బస్సు సంగతి ఎత్తు, దానికి ఇప్పటికీ నవ్వుతాడు. అక్కకి మాత్రం నువ్వే ఫోన్ చెయ్యి, బావ ఎలా ఉన్నాడని కాదు, తను ఎలా ఉందని అడుగు. పన్నెండింటికి వంట అయ్యాక ఖాళీగా ఉంటుంది.

ఇంకా బోలెడుంది, పాప ట్యూషన్ వదిలే టైమైంది, ఈ వారం నేనే తీసుకురావాలి. ఉంటా.