లుకేమియా వార్తలో మిగిలిన సగం కూడా వేయండి

సంపాదకుల వారికి,

రెండు ఆదివారాల కిందట మీ ఆరోగ్యం పేజీలో ‘లుకేమియాకు ఇక భయం లేదు’ అంటూ ఒక కొత్త రేడియేషన్ మందుపై వచ్చిన వార్త గురించి రాస్తున్నాను. మర్నాడే మా బావగారు ఆ ముక్కను కత్తిరించి, అక్క రక్తపరీక్షల కాగితాలున్న కవర్లో పెట్టుకుని గూడూరులో చెన్నై రైలెక్కారు. అరవై రెండేళ్ల మా అక్కకు అక్యూట్ మైలాయిడ్ లుకేమియా అనే రక్తక్యాన్సర్ తిరగబెట్టి నాలుగు నెలలైంది. ఇక్కడి ఓపీలో డాక్టరుగారు ఆ ముక్క చదివించుకుని, ఆ మందు ఇంకా పరిశోధనలోనే ఉందని తమిళంలో చెప్పగా, నేను తెలుగులో విడమరిచి చెప్పాను. బావగారు నమ్మలేదు. “పేపర్లో వేశారు కదమ్మా” అన్నారు. అప్పటికే ఆయన రెండెకరాల నిమ్మతోట బేరం పెట్టి వచ్చారు.

మీరు రాసింది అబద్ధం కాదు. తెల్లకణాల మీది సీడీ45 ప్రొటీన్‌ను పట్టుకునే యాంటీబాడీకి, రేడియేషన్ వెదజల్లే అయోడిన్-131ను తగిలించి నరంలోకి ఎక్కిస్తే, రేడియేషన్ ఎక్కువగా ఎముక మజ్జలోనే పనిచేస్తుంది, మిగతా అవయవాలకు తాకిడి తగ్గుతుంది. కానీ ఆ మందు చేసేది మజ్జను ఖాళీ చేసి దాత ఇచ్చే మూలకణాలకు (కొత్త రక్తాన్ని తయారుచేసే కణాలకు) చోటివ్వడం. ఆ తర్వాత మూలకణాల మార్పిడి తప్పదు. మీ వార్తలో దాత అన్న మాటే లేదు. అక్కకు తోబుట్టువులమైన మా ఇద్దరి హెచ్ఎల్ఏ (దాత కణాలు రోగికి సరిపోతాయా అని చూసే గుర్తులు) కుదరక, సగం కుదిరిన కొడుకు కణాలతో చేయవచ్చా అని డాక్టర్లు ఆలోచిస్తున్నారు.

అమెరికాలో 55 ఏళ్లు దాటిన, జబ్బు లొంగని 153 మందితో జరిగిన ట్రయల్‌లో (రోగుల మీద మందును పరీక్షించే అధ్యయనంలో), ఈ మందు వర్గంలో జబ్బు ఆరు నెలలపాటు అదుపులో నిలిచింది సుమారు 17 శాతం మందికి. మామూలు చికిత్స వర్గంలో ఒక్కరికీ నిలవలేదు. గొప్ప ఫలితమే. అయినా ఆయుష్షు పెరిగినట్టు రుజువు కావాలంటూ 2024 ఆగస్టులో అక్కడి మందుల అనుమతి సంస్థ ఎఫ్‌డీఏ మరో ట్రయల్ అడిగింది. ఈ ఒక్క వాక్యానికి మీ పేజీలో చోటు లేకపోయిందా?

ఆరోగ్య శాఖల అధికారులనూ అడగాలి. 2009 నుంచి మన దేశంలో ప్రతి ట్రయల్‌ను నమోదు చేయడం తప్పనిసరి చేశారు, కానీ ఆ జాబితా ఇంగ్లీషులో ఉంటే గూడూరులో ఎవరు చదివి చెబుతారు? థైరాయిడ్ క్యాన్సర్‌కు అయోడిన్-131 ఇచ్చే ప్రత్యేక గదులు మనకూ ఉన్నాయి. రోగిని విడిగా ఉంచడం, మురుగునీటిని రేడియేషన్ తగ్గేదాకా ట్యాంకుల్లో నిలవుంచడం మనవాళ్లకు తెలిసిన పనే. అయినా లుకేమియా రోగులకు ఈ పద్ధతి మీద ఇక్కడ ఏం జరుగుతోందో, ఏం జరగడం లేదో ఒక బులెటిన్‌లో తెలుగులోనూ తమిళంలోనూ చెప్పే నాథుడు లేడు. బీమా కౌంటర్‌లో అడిగితే డాక్టరును అడగమంటారు. ఆ డాక్టరుగారి ముందు వందమంది కూర్చుని ఉంటారు.

దయచేసి మిగిలిన సగాన్ని అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాలతో వేయండి. తోట బేరం ఆపమని నేను ఎంత చెప్పినా బావగారు వినడం లేదు. మీరు అచ్చు వేస్తే వింటారు.

— ఒక పాఠకురాలు, పెరంబూరు, చెన్నై