జాలీ పెట్టించే ముందు కాస్త ఆగు

ఒరేయ్ రవీ,

నీ ఉత్తరమూ, ఇంటి ప్లానూ అందాయి. హాలుకీ డైనింగ్‌కీ మధ్య గోడ తీయించేసి జాలీ, అదే కన్నాల నగిషీ తెర, పెట్టిస్తానన్నావు. సంతోషం. కానీ ఉత్తరం నిండా డిజైన్ల గొడవే తప్ప, వెలుతురు ఏ పక్కనుంచి వస్తుందో ఒక్క ముక్క రాయలేదేంరా?

జాలీ కిటుకంతా అక్కడే ఉంది. నీడపట్టున ఉన్నవాడికి వెలుతురు పక్కదంతా కనిపిస్తుంది. అటునుంచి చూసేవాడికి నగిషీ తప్ప ఏమీ ఆనదు. జైపూర్‌లో 1799లో కట్టిన హవా మహల్ ఈ లెక్క మీదే నిలబడింది. రాణివాసంవాళ్లు వీధిలో ఊరేగింపులు చూసేవారు, వీధిలోవాళ్లకి మాత్రం వాళ్లు కనబడేవారు కాదు. కైరో పాత ఇళ్లలో మష్రబియా అనే చెక్క జాలీ కిటికీలదీ అదే పని. అయితే రాత్రి లోపల లైటు వేశావో, మొత్తం తలకిందులు! నీ కంచంలో కూరేమిటో కూడా అవతలివాళ్లకి తెలిసిపోతుంది. అందుకని బెడ్‌రూమ్ దగ్గర పెడితే వెనక కర్టెన్ తప్పదు.

అహ్మదాబాద్ సీదీ సయ్యద్ మసీదులో రాతిలో చెక్కిన చెట్టు జాలీ ఉంది చూడు, 1573 నాటిది. దాన్నే పలక మీద కోయించి టీవీ వెనక గోడకి కొట్టించేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. వెనకాల వెలుతురు లేనప్పుడు అన్ని కన్నాలెందుకు, దుమ్ము దాచుకోడానికా?

ఇంకోటి, మందం. కన్నం వెడల్పుకి తగ్గ లోతుంటేనే పైనుంచి పడే ఎండ అంచులకి తగిలి ఆగి, మెత్తగా లోపలికొస్తుంది. మిషన్ మీద కోసిచ్చే 8 ఎంఎం ఎండీఎఫ్‌లో, అదే చెక్కపీచు అదిమి చేసిన పలకలో, ఆ లోతెక్కడిది? పైగా ఎండీఎఫ్ తడి పీల్చేది కోసిన అంచుల దగ్గరే, జాలీ అంటేనేమో ఒళ్లంతా అంచులే. సింకు పక్కన పెట్టావంటే ఉబ్బిపోతుంది. మష్రబియా పనివాళ్లు చిన్న చిన్న చెక్క ముక్కల్ని మేకుల్లేకుండా ఒకదాంట్లో ఒకటి బిగించేవారు. వాతావరణాన్ని బట్టి చెక్క ఉబ్బినా ముడుచుకున్నా చీలకుండా ఉండేది. నీ వడ్రంగికి ఓపికుంటే టేకుతో అలా చేయించు, కాస్త ఖర్చయినా సరే.

మెట్ల దగ్గర బయటిగోడ ఎలాగూ కొత్తగా కడుతున్నారుగా, అక్కడ చెక్కెందుకు, ఇటుక జాలీ చాలు. మధ్యమధ్య ఇటుకలు వదిలేసి కట్టడమే. కేరళలో ఆర్కిటెక్ట్ లారీ బేకర్ కట్టిన ఇళ్లలో ఇలాంటి గోడలు బోలెడు. ఇటుకలు కలిసొస్తాయి, గాలీ ఆడుతుంది.

ఏసీ గదికి మాత్రం వద్దు, చల్లదనమంతా బయటికే. చప్పుడు కూడా ఆగదు, పిల్లల చదువులు హాల్లోనే అన్నావు కాబట్టి చెబుతున్నా. తుడవడానికి మెత్తని పెయింట్ బ్రష్ ఒకటి పెట్టుకో, ఆ పని నీదేనని ఇంట్లో ముందే ఒప్పేసుకో.

పొద్దునా, మధ్యాహ్నమూ ఆ గోడ మీద వెలుతురు ఎటు పడుతోందో చూసి, కొలతలతో సహా రాయి. అడ్వాన్స్ అప్పుడే ఇచ్చేయకు.

నీ
శ్రీను