ఆ రెండంగుళాలు ఎక్కడికి పోయాయి?

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన నెల మీ ఆదివారం అనుబంధంలో ‘కత్తి లేదు, కుట్టు లేదు, కొవ్వు మాయం’ అని వేసిన వ్యాసం గురించి ఈ ఉత్తరం. ఆపరేషన్ లేకుండా ఇంజక్షన్లతో, యంత్రంతో కొవ్వు కరిగిస్తారని, ఒకావిడ నడుం కొలుస్తున్న ‘ముందు–తర్వాత’ ఫొటో వేసి మరీ పొగిడిన వ్యాసం అది. ఎవరైనా డాక్టరు ఖండిస్తూ రాస్తారేమోనని ఇన్నాళ్లూ ఆగాను. ఎవరూ రాయలేదు. పైగా మొన్న ఆదివారం అదే ఫొటో ప్రకటనగా వచ్చింది. ‘ప్రకటన’ అన్న మాట మాత్రం సూది బెజ్జంలో దూరేంత అక్షరాల్లో ఉంది. ఇక దర్జీవాడే రాయాల్సి వచ్చింది.

అవును, నేను దర్జీని. ముప్పై ఏళ్లుగా మెడలో టేపు వేసుకుని బతుకుతున్నవాణ్ణి. మీరు వేసిన ‘ముందు’ ఫొటోలో టేపు సరిగ్గా బొడ్డు మీద ఉంది, ఆవిడ ఊపిరి వదిలేసి మామూలుగా నిలబడ్డారు. ‘తర్వాత’ ఫొటోలో టేపు రెండు వేళ్లు పైకి జరిగింది, ఆవిడ ఊపిరి బిగబట్టారు, టేపు ఎంత లాగి పట్టారంటే దాని పైన చర్మం మడతపడి కనిపిస్తోంది. ఇలా కొలిచేదానికి ఇంజక్షన్ ఎందుకు? నా షాపుకు రండి, ఎవరికైనా రెండంగుళాలు నిలబెట్టి తగ్గిస్తాను.

‘విదేశాల్లో ఆమోదం పొందిన పద్ధతి’ అని రాశారు. దేనికి ఆమోదం? మా అమ్మాయి నర్సు, తనే వివరంగా చెప్పింది. కొవ్వు కరిగించే డీఆక్సీకోలిక్ యాసిడ్ ఇంజక్షన్‌కి అమెరికాలో 2015లో అనుమతి వచ్చింది గడ్డం కింది కొవ్వుకి మాత్రమే. పొట్టకీ తొడలకీ కాదు. అది కణాల పొరను చీల్చే మందు. ఇది కొవ్వు, ఇది నరం అని చూసుకుని పనిచేయదు. కొవ్వును చల్లబరిచే యంత్రానికి అక్కడ 2010లో అనుమతి వచ్చిన మాట నిజమే. అదీ ఒకచోట పేరుకున్న కొవ్వును కాస్త తగ్గించడానికే తప్ప బరువు తగ్గడానికి కాదు. కొందరికి ఆ చోట కొవ్వు తగ్గకపోగా గట్టిపడి పెరుగుతుంది కూడా. లిండా ఎవాంజెలిస్టా అనే పేరున్న మోడల్ తనకు అలాగే అయిందని 2021లో బయటపెట్టారు. మీ వ్యాసంలో మాత్రం ‘సైడ్ ఎఫెక్ట్స్ సున్నా’.

‘సరికొత్త ఆవిష్కరణ’ అని మీ వ్యాసం మురిసిపోయిన, బరువు తగ్గడానికంటూ వేసే హెచ్‌సీజీ (గర్భిణుల ఒంట్లో తయారయ్యే హార్మోన్) సూదుల సంగతి 1954 నాటిది. ఆ సూదితో పాటు రోజుకు 500 కేలరీల తిండే తినాలి. అంత కడుపు మాడ్చుకుంటే సూదిలో మంచినీళ్లున్నా మనిషి చిక్కిపోతాడు. 24 పరిశోధనలు కలిపి చూసి, ఆ సూది వల్ల ఉపయోగం లేదని 1995లోనే తేల్చారు.

మా బంధువు ఒకావిడ పొట్టకి ఇలాంటి ఇంజక్షన్లే చేయించుకుంది. నెల తిరిగేసరికి చర్మం కింద గోలీల్లా గట్టి ఉండలు. ఇంజక్షన్లు వేసిన సెంటర్లో అడిగితే ‘కొవ్వు కరుగుతోందండీ, మసాజ్ చేసుకోండి’ అన్నారట. రసీదులో ఇంజక్షన్ మాటే లేదు, ‘చర్మ సంరక్షణ’ అని ఉంది. పొడిచింది డాక్టరో, నాలుగు రోజులు ట్రైనింగ్ అయిన కుర్రాడో ఇప్పటికీ తెలీదు. ఫిర్యాదు చేయబోతే ఒక ఆఫీసులో ‘అది బ్యూటీ పార్లర్, మా పరిధి కాదు’ అన్నారు. ఇంకో ఆఫీసులో ‘సూది గుచ్చారు కదా, మా పరిధి కాదు’ అన్నారు. నా షాపు బోర్డు అడుగు ముందుకుందని రెండుసార్లు నోటీసిచ్చినప్పుడు మాత్రం ఎవరి పరిధో ఎవరికీ టెన్షన్ లేదు! ఆ సెంటర్ బోర్డు నా బోర్డుకి పదింతలుంటుంది. అది వాళ్ల కంటికి ఆనదు.

ఒళ్లంతా ప్లాస్టిక్ చుట్టి చెమటలు పట్టించుకొచ్చినవాళ్లు కూడా ‘తగ్గామండీ’ అంటూ బట్టలు టైటు చేయమని తెస్తుంటారు. పోయింది నీరు, కొవ్వు కాదు. నెల తిరక్కుండానే అవే బట్టలు లూజు చేయమని వస్తారు, మొహం చాటేసుకుని. అందుకే వాళ్లకు తెలియకుండా నేనిప్పుడు గుడ్డ కత్తిరించడం మానేశాను. లోపల రెండంగుళాల మడత వదిలే కుడుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు, ఒక దర్జీ