పాత పంటల జాతర ప్రతి మండలానికీ రావాలి

తెలంగాణ వ్యవసాయ శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

ఏటా సంక్రాంతికి జహీరాబాద్ ప్రాంతంలో మొదలై, నెల రోజుల పాటు ఊరూరా తిరిగే పాత పంటల జాతర గురించి మీరు వినే ఉంటారు. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ మహిళా సంఘాలు ఇరవై ఏళ్లకు పైగా దీన్ని నడుపుతున్నాయి. అలంకరించిన ఎడ్లబండ్ల మీద గంపల నిండా పచ్చజొన్న, కొర్ర, సామ, సజ్జ, తైద (రాగి), అనుములు, ఉలవలు ఊళ్లోకి వస్తాయి. జనం డప్పులతో ఎదురెళ్తారు. నాకు నచ్చేది ఆ తర్వాత జరిగే ముచ్చట. ఏ చెలకలో ఏది బాగా పండింది, వాన మొహం చాటేసిన ఏడు ఏ పంట నిలబడింది, గట్కకు ఏ జొన్న మంచిది అని అక్కడ మాట్లాడుకుంటారు. చెప్పేది స్వయంగా సాగు చేసే ఆడవాళ్లే, చాలామంది దళిత కుటుంబాల వాళ్లు. విత్తనానికి డబ్బు పెట్టాల్సిన పని కూడా లేదు. సంఘంలో తీసుకుని, పంట చేతికొచ్చాక కొంత కలిపి తిరిగిస్తే చాలు.

ఇలాంటి జాతర ఒక్క జహీరాబాద్ చుట్టుపక్కలకే ఎందుకు ఆగిపోవాలి? పంట కోతలయ్యాక ప్రతి మండలంలో ఒక రోజు పెట్టించండి. ఉపన్యాసాలు తగ్గించి, వండి వడ్డించే ఏర్పాటు చేయండి. వేడి జొన్నరొట్టె, పుంటికూర పప్పు, తైద అంబలి తిన్నాక పిల్లలకు వేరే ప్రచారం అక్కర్లేదు. వంట బాధ్యత, గింజలు అమ్ముకునే హక్కు స్థానిక మహిళా సంఘాలకే ఇవ్వండి.

2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. పేరైతే వచ్చింది కానీ, ధర చూసి పేదవాళ్లు దూరంగానే ఉండిపోయారు. కొర్ర, సామలకు పొట్టు తీయాలి. ఆ మరలు దగ్గర్లో లేకపోతే రైతు గింజను తక్కువకు అమ్మేస్తాడు, అదే గింజ బియ్యంగా మారి పట్నంలో ఎక్కువ రేటుకు దొరుకుతుంది. పైగా కేంద్రం మద్దతు ధర జొన్న, సజ్జ, రాగులకే ఉంది, కొర్ర, సామలకు లేదు. ఈ రెండూ సరిచేయకుండా జాతరలు ఎన్ని పెట్టినా తినాలన్న కోరిక పుడుతుందే గానీ కొనే శక్తి రాదు. అందుకే మండలానికో పొట్టు తీసే యూనిట్ కావాలి, కొర్ర, సామలకు రాష్ట్రమే ఒక ధర ప్రకటించాలి.

2025 ఉగాది నుంచి రేషన్‌లో సన్నబియ్యం ఇస్తున్నారు, సంతోషం. కావాలన్నవాళ్లకు అందులో కొంత బదులుగా జొన్నలు తీసుకునే వీలు కల్పించండి. పక్కనున్న కర్ణాటక రేషన్‌లో రాగులు, జొన్నలు ఇచ్చింది. మన చెలక రైతుకూ అలాంటి ఖాయమైన కొనుగోలు ఉంటే పత్తి వైపు చూడకుండా జొన్న విత్తే ధైర్యం వస్తుంది.

వచ్చే సంక్రాంతి జాతరకు మీరు తప్పక రండి. పౌర సరఫరాల శాఖ అధికారులను కూడా వెంట తీసుకురండి. రేషన్ జొన్నల సంగతి ఆ ఆడవాళ్లతోనే నేరుగా మాట్లాడొచ్చు.

ఇట్లు,
సంగారెడ్డి జిల్లా వాసి