ఎడమవైపు టేబుల్ అడిగితే స్పీకర్ కింద కూర్చోబెట్టారు

కస్టమర్ కేర్ టీమ్‌కి నమస్తే,

పోయిన శనివారం రాత్రి మీ కామెడీ క్లబ్‌లో రెండో షోకి మేం ఐదుగురం వచ్చాం. మా అక్కకి ఎడమ చెవి అస్సలు వినపడదు, కుడి చెవితోనే నెట్టుకొస్తుంది, అందుకే టికెట్లు తీసుకునే ముందే మీకు మెయిల్ పెట్టా, హాల్లో ఎడమవైపు టేబుల్ ఇవ్వండి, అప్పుడు స్టేజ్ తన కుడి చెవి వైపు పడుతుంది అని. నోట్ చేసుకున్నాం, కాస్త ముందు రండి చాలు అని మీరే రిప్లై ఇచ్చారు. తలుపులు తెరవకముందే వచ్చి లైన్లో నిలబడ్డాం.

తీరా లోపలికెళ్తే సీట్లు చూపించే అబ్బాయి దగ్గర ఆ నోటే లేదు. ఫోన్లో మెయిల్ చూపించినా "వచ్చిన వరసలో నింపుకుంటూ పోతామండి" అని కుడి చివర గోడ పక్కన, సరిగ్గా స్పీకర్ కింద కూర్చోబెట్టాడు. కామెడీ షోలో ఒక్క మాట పోతే జోకే పోతుంది కదండీ, సెటప్ అంతా విని పంచ్ దగ్గర మాట అందకపోతే విన్నదంతా దండగ. అందరూ నవ్వుతుంటే అక్క నా మొహం చూసేది, నేను వంగి చెవిలో చెప్పేలోపు స్టేజ్ మీదాయన ఇంకో జోక్‌లోకి వెళ్ళిపోయేవాడు. కాసేపటికి అడగడం మానేసి మేం నవ్వినప్పుడల్లా తనూ నవ్వడం మొదలెట్టింది. అది చూసి నాకు ప్రాణం ఉసూరుమంది. మెయిన్ కమెడియన్ కంటే ముందు ఓపెనర్‌గా వచ్చినమ్మాయి మాత్రం మాటలు విడివిడిగా పలికింది, అక్కకి అందింది ఆ కాసేపే.

ఇంకోటి, మనిషికి రెండు డ్రింకులు తప్పనిసరి అని టేబుల్ మీద కార్డు చూస్తేగానీ తెలీలేదు. చాలా క్లబ్బుల్లో ఉండే రూలే, తప్పనను, కానీ డబ్బులు కట్టే పేజీలోనే చెప్పాలి, ఖర్చు లెక్కేసి అందరి దగ్గరా వసూలు చేసింది నేను. పైగా బిల్లులు తెచ్చింది మెయిన్ కమెడియన్ చివరి పది నిమిషాల్లో, కార్డు మెషిన్ బీప్‌లు, ఎవరిదెంత అని గుసగుసలు, ఆయన మొదట్లో ఎత్తుకున్న కథ ఎలా ముగించాడో మా టేబుల్లో ఒక్కరికీ తెలీదు.

అక్క టికెట్ డబ్బులు వెనక్కి ఇవ్వండి, మిగతా నాలుగూ అడగట్లేదు. వినికిడి సమస్య అని ఎవరైనా రాస్తే అది తలుపు దగ్గరున్న వాళ్ళ లిస్టులో కనపడేలా చెయ్యండి. అక్క మళ్ళీ వద్దామంటోంది, ఈసారి టేబుల్ నంబర్‌తో సహా రాసి పంపితేనే బుక్ చేస్తా.